సై – వేలం – వేటు: వృత్తిక్రీడల ఒప్పంద పరిభాషపై ఒక విమర్శ

వ్యాస సంగ్రహం

వృత్తిక్రీడలో ఆటగాడికీ జట్టు యాజమాన్యానికీ మధ్య ఉండేది శ్రమ ఒప్పందం. తెలుగు క్రీడావార్తలు దానిని అమ్మకం, కొనుగోలు అనే మాటల్లో చెబుతున్నాయి. ఆ ఒప్పందం చెడినప్పుడు 'క్రమశిక్షణ' అనే మాట ముందుకు వస్తుంది. విచారణ, వాదన, తీర్పు అనేవి వెనక్కు పోతాయి. రగ్బీ చరిత్ర, భారతీయ క్రికెట్‌లో ఐ.సి.ఎల్. ఉదంతం, ప్రో కబడ్డీ లీగ్‌లో 2025 నాటి ఒక నిర్ణయం, 'సై', 'జెర్సీ' చలనచిత్రాలు ఆధారంగా ఈ పరిభాషను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో వాడుకలో ఉన్న శ్రమ ఒప్పందాల పదజాలాన్ని దీనికి తులనాత్మక భూమికగా తీసుకోవడం జరిగింది.

కీలక పదాలు: వేలంపాట, ఒప్పందం, క్రమశిక్షణ, రగ్బీ, కబడ్డీ, తునికాకు, భద్రాచలం, 'సై'.

1. ఉపోద్ఘాతం

2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో ప్రో కబడ్డీ లీగ్ పన్నెండో సీజన్ ఆరంభమైంది. తొలి పోటీ తెలుగు టైటాన్స్‌కూ తమిళ్ తలైవాస్‌కూ మధ్య జరిగింది. తలైవాస్ పక్షాన బరిలోకి దిగిన పవన్ సెహ్రావత్ అంతకుముందు రెండు సీజన్లు తెలుగు టైటాన్స్‌కు ఆడిన వ్యక్తి. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టుకు నాయకుడు. సెప్టెంబరులో తలైవాస్ యాజమాన్యం ఆయనను క్రమశిక్షణ కారణాలతో ఇంటికి పంపినట్లు ప్రకటించింది. ఆయన ఆ ఆరోపణను బహిరంగంగా ఖండించారు. అందులో నిజమున్నట్లు తేలితే కబడ్డీనే వదిలేస్తానన్నారు.

ఈ వ్యాసానికి అవసరమైనది ఆ వివాదంలో ఎవరిది తప్పు అన్న ప్రశ్న కాదు. దానికి కావలసిన సాక్ష్యం పాఠకుల ముందు లేదు. అయినప్పటికీ వార్త వెలువడిన వెంటనే తెలుగులో దానిని చెప్పడానికి ఒక మాట సిద్ధంగా ఉంది: 'వేటు'. వేటు అంటే దెబ్బ. ఆ మాట వాడిన క్షణంలోనే విచారణ ముగిసిపోయింది. దెబ్బ తగిలిన వాడు దోషి అయ్యాడు. సరిగ్గా ఇలాగే ఆటగాడు జట్టులో చేరిన రోజున 'అమ్ముడుపోయాడు' అన్న మాట సిద్ధంగా ఉంటుంది. ప్రవేశానికి 'అమ్మకం', నిష్క్రమణకు 'వేటు' అన్న ఈ రెండు మాటల మధ్య ఒక శ్రామికుని ఒప్పందం ఎక్కడ ఉన్నదన్నది ఇక్కడి పరిశీలనాంశం.

2. ఒప్పందం, వేలం, శిక్ష: పదాల పూర్వాపరాలు

'ఒప్పందం' అన్న మాటకు మూలం 'ఒప్పు'. ఒప్పుకోవడం అంటే సమ్మతించడం; ఒప్పు అంటే సరైనది కూడా. దానికి వ్యతిరేకపదం 'తప్పు'. అంటే తెలుగులో సమ్మతికీ న్యాయానికీ ఒకే ధాతువు ఆధారం. ఇద్దరూ ఒప్పుకున్నది ఒప్పు. దానిని ఎవరు దాటినా తప్పు. ఈ పదనిర్మాణంలో యజమాని తప్పు వేరు, పనివాని తప్పు వేరు అన్న తేడా లేదు.

'వేలం' దేశీయపదం కాదు. పోర్చుగీసు వ్యాపారుల ద్వారా దక్షిణభారత భాషల్లోకి వచ్చిన మాటగా దానిని గుర్తించడం పరిపాటి. తమిళంలోని 'ఏలం', హిందీలోని 'నీలామ్' దాని తోబుట్టువులు. తెలుగు దానికి 'పాట'ను చేర్చి 'వేలంపాట' చేసుకుంది. చెరువు పాట, మామిడితోట పాట, సంత పాట అనేవి గ్రామాల్లో నేటికీ వాడుకలో ఉన్నవే. 'పాట పాడుకున్నాడు' అంటే హక్కు దక్కించుకున్నాడని అర్థం. వీటన్నిటిలో పాట పాడేవాడు కొనేవాడు. పాటకు వచ్చిన వస్తువు మూగది. చెరువుకు, తోటకు నోరు లేదు కనుక అక్కడ ఇబ్బంది లేదు. ఆటగాణ్ణి ఆ స్థానంలో నిలబెట్టినప్పుడు భాష అతని నోరు ముందే మూసేస్తుంది.

'క్రమశిక్షణ' మరింత ఆసక్తికరమైన పదం. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. ఆరు వేదాంగాల్లో ఒకటైన శిక్ష ఉచ్చారణ నేర్పే శాస్త్రం. తెలుగు వ్యవహారంలో శిక్ష దండనార్థంలో స్థిరపడగా, నేర్పే అర్థం 'శిక్షణ'లో మిగిలింది. అందువల్ల 'క్రమశిక్షణ చర్య' అన్నప్పుడు రెండర్థాలూ ఏకకాలంలో పలుకుతాయి. శిక్షకుడు నేర్పేవాడా, దండించేవాడా అన్న సందిగ్ధం ఆ పదంలోనే ఉంది. యాజమాన్యాలకు ఈ సందిగ్ధం అనుకూలిస్తుంది: దండన విధిస్తూ దానికి బోధన పేరు పెట్టవచ్చు.

3. అడవి అంచున ఒప్పంద భాష

ఈ మూడు పదాలూ కలిసి బతికిన ప్రాంతాల్లో ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు ఒకటి. పాలనాపరంగా ఇది అనేకసార్లు చేతులు మారిన నేల. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, అటుపిమ్మట ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఒకవైపు సింగరేణి బొగ్గుగనులు, ఒకవైపు కోయ, కొండరెడ్డి గూడేలు, ఒకవైపు ఖమ్మం మిరపచేలు. గని కార్మికుడు, ఆకు కోసే కూలీ, మిరప ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే వలస కూలీ ఈ నేలపై పక్కపక్కన కనిపిస్తారు.

ఇక్కడ 'ఒప్పందం' అనగానే జనానికి స్ఫురించేది తునికాకు రేటు. ఉమ్మడి రాష్ట్రంలో 1971 నాటి చట్టంతో బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. అడవిని యూనిట్లుగా విభజించి గుత్తేదారులకు అప్పగించడం రివాజు. వేసవిలో ఆకు కోత సాగుతుంది. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కోసిన కట్టలను కల్లానికి తెస్తే కల్లేదారు లెక్క చూసుకుంటాడు. ఆకు పలుచగా ఉన్నా, చిల్లులున్నా, కట్టలో ఆకులు తగ్గినా కట్టను తీసేసే అధికారం అతనిది. కట్టకు ఎంత అన్నది ఎన్నో ఏళ్లు పోరాటాంశమైంది. వామపక్ష ఉద్యమాలకు ఈ ప్రాంతంలో పునాది వేసిన సమస్యల్లో అదొకటి.

ఈ వ్యవస్థలో రెండు అంచెలు స్పష్టం. యూనిట్‌ను గుత్తేదారు పాడుకుంటాడు, అది వేలం. కట్ట రేటును కూలీలు మాట్లాడుకుంటారు. అది బేరం, అంటే సంప్రదింపు. వేలం ఆకుకు, ఒప్పందం మనిషికి. ఎంత దోపిడి ఉన్నా భాష ఈ తేడాను కాపాడింది. కూలీని ఎవరూ 'కొన్నాం' అనలేదు. గ్రామాల్లో ఏడాది పనికి కుదిరే జీతగాని విషయంలోనూ 'జీతం మాట్లాడుకోవడం', 'కుదుర్చుకోవడం' అన్న మాటలే వాడుక. ఆచరణలో ఆ జీతం వెట్టికి దగ్గరగా ఉండవచ్చు. అయినా మాటలోని ఇద్దరు మనుషులు మాటలోనే ఉన్నారు. వృత్తిక్రీడలకు మనం చేసిన భాష ఈ పాత వాడుకకంటే ఒక మెట్టు కింద ఉంది.

భద్రాచలం ఈ చర్చకు మరొక సాహిత్య సాక్ష్యాన్ని కూడా ఇస్తుంది. సంప్రదాయ కథనం ప్రకారం కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో ఆలయం కట్టించిన నేరానికి గోలకొండ చెరసాలలో బందీ. ఉద్యోగధర్మం దృష్టితో చూస్తే అది స్పష్టమైన క్రమశిక్షణ చర్య. కానీ తెలుగువారికి మిగిలింది తానీషా దర్బారు చిట్టా కాదు. శిక్ష పడిన ఉద్యోగి గొంతు. దేవునికి చేయించిన నగల ఖర్చు లెక్కచెప్పి, సమాధానం చెప్పమని ఆ దేవుణ్ణే నిలదీసిన కీర్తన రామదాసు సాహిత్యంలో ప్రసిద్ధం. శిక్షితుడు తన పక్షాన చెప్పుకున్న వాదన కావ్యగౌరవం పొందిన నేల ఇది. అదే భాషలో నేటి క్రీడావార్త ఆ వాదనకు చోటివ్వకపోవడం ఆలోచించదగ్గది.

4. రగ్బీ చరిత్రలో జీతం అనే నేరం

వృత్తిక్రీడలో ఒప్పందానికీ క్రమశిక్షణకూ మధ్య ఘర్షణను అన్నిటికంటే స్పష్టంగా చూపే ఆట రగ్బీ. పంతొమ్మిదో శతాబ్ది చివర ఉత్తర ఇంగ్లండులోని గని, మిల్లు కార్మికులు ఈ ఆట ఆడేవారు. శనివారం ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని క్లబ్బు చెల్లించాలన్నది వారి కోరిక. రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ 1893లో ఆ ప్రతిపాదనను తిరస్కరించింది. డబ్బు తీసుకోవడం ఆట మర్యాదకు భంగమన్నది దాని వైఖరి. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డులోని జార్జి హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై నార్తర్న్ యూనియన్‌గా విడిపోయాయి. రోజుకు ఆరు షిల్లింగుల దాకా పోయిన కూలి చెల్లించడానికి ఒప్పుకొన్నాయి. నేటి రగ్బీ లీగ్‌కు మూలం ఆ చీలికే. రెండో శాఖ అయిన రగ్బీ యూనియన్ ఆటగాళ్లకు బహిరంగంగా జీతం ఇవ్వడానికి 1995 ఆగస్టు దాకా, అంటే సరిగ్గా నూరేళ్లు, ఒప్పుకోలేదు.

ఈ నూరేళ్లలో క్రమశిక్షణ అన్న మాట చేసిన పని గమనించదగ్గది. కార్మికుడు కూలి అడిగితే అది బేరంగా గుర్తింపు పొందలేదు. నిబంధన ఉల్లంఘనగా నమోదైంది. కూలి పోగొట్టుకొని ఆడగల భాగ్యవంతుని స్థితే అందరికీ నీతి అయింది. కొత్తగూడెం గని కార్మికుని కుటుంబంలో పుట్టిన పాఠకునికి ఈ ఘట్టం బోధపడటానికి వ్యాఖ్యానం అవసరం లేదు. షిఫ్టు పోతే మస్టరు పోతుంది. మస్టరు పోతే కూలి పోతుంది.

వృత్తిక్రీడగా మారిన తరవాత రగ్బీ తన క్రమశిక్షణకు వ్యవస్థ ఏర్పరచుకుంది. మైదానంలో జరిగిన తప్పులకు తీవ్రతను బట్టి కింది, మధ్య, పై స్థాయి శిక్షలు ముందే ప్రకటితం. విచారణ మండలి స్వతంత్రం. అప్పీలుకు అవకాశం ఉంది. కారణాలతో కూడిన నిర్ణయం వెలువడుతుంది. మైదానం బయటి తప్పు విషయంలో 2019 నాటి ఇజ్రాయెల్ ఫొలావ్ ఉదంతం ప్రసిద్ధం. సామాజిక మాధ్యమంలో ఆయన పెట్టిన మతపరమైన వ్యాఖ్యపై రగ్బీ ఆస్ట్రేలియా ముగ్గురు సభ్యుల మండలితో విచారణ జరిపించి, ఆ తరవాత మే నెలలో ఒప్పందం రద్దు చేసింది. ఆయన న్యాయపోరాటానికి దిగగా డిసెంబరులో ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. ఆ వ్యాఖ్య తప్పా ఒప్పా అన్న విషయంలో అభిప్రాయాలు వేరుగా ఉండవచ్చు. ఏ నియమం, ఎంత తీవ్రత, ఎవరి తీర్పు అన్నవి మాత్రం అందరి ముందూ ఉన్నాయి.

అదే ఏడాది నవంబరులో ఇంగ్లండులోని సారసెన్స్ క్లబ్బుకు జీతాల పరిమితి ఉల్లంఘించినందుకు 35 పాయింట్ల కోత, 53 లక్షల పౌండ్లకు పైబడిన జరిమానా పడ్డాయి. ఇక్కడ శిక్షితుడు యజమాని. క్రమశిక్షణ రెండు వైపులా పదును ఉన్న కత్తి కాగలదనడానికి ఇది ఉదాహరణ. తెలుగు క్రీడావార్తల్లో యాజమాన్యం క్రమశిక్షణ తప్పినట్లు రాసిన వాక్యం దాదాపు కనబడదు. ఆ మాట ఆటగాని ఇంటిపేరుగా మారింది.

5. ఒప్పందమే నేరమైనప్పుడు: ఐ.సి.ఎల్. ఉదంతం

1895 నాటి తర్కం తెలుగు నేలకు 2007లో వచ్చింది. ఎస్సెల్ సంస్థ ఆరంభించిన ఇండియన్ క్రికెట్ లీగ్‌ను బి.సి.సి.ఐ. గుర్తించలేదు. అందులో చేరిన ఆటగాళ్లు దేశవాళీ క్రికెట్‌కు దూరమయ్యారు. గుంటూరులో పుట్టి, హైదరాబాదు తరఫున ఆడిన అంబటి రాయుడు ఆ లీగ్‌లోని హైదరాబాద్ హీరోస్ జట్టులో చేరారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండేళ్ల లోపు. 2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించాక తిరిగి దేశవాళీ క్రికెట్‌లోకి వచ్చి, 2010లో ముంబయి ఇండియన్స్‌కు, 2013లో భారత్‌కు ఆడారు.

ఇక్కడ ఆటగాడు చేసిన తప్పు ఏమిటి? ఒక యజమానితో ఒప్పందం కుదుర్చుకోవడం. ఏ యజమాని దగ్గర పని చేయాలో ఎంచుకోవడం శ్రామికుని మౌలిక స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛను వాడుకున్నందుకు పడినది నిషేధం. ఎత్తివేసినప్పుడు వాడిన మాట 'క్షమాభిక్ష'. భిక్ష అన్నది ఇచ్చేవాని ఔదార్యం, పుచ్చుకునేవాని దైన్యం. తెలుగు పత్రికలు ఆ మాటను యథాతథంగా తీసుకున్నాయి. 'నిషేధం ఎత్తివేత' అన్న తటస్థమైన మాట అందుబాటులో ఉండగా భిక్ష అన్న పదం నిలిచిపోవడం పరిభాష ఎవరి పక్షాన నిలిచిందో చెబుతుంది.

కాలం తెచ్చిన ఒక యాదృచ్ఛికాన్ని కూడా గమనించవచ్చు. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లు పాల్గొన్నాయి. అందులో ఒకటి హైదరాబాద్ హీరోస్. ఒకప్పుడు చేరడమే నేరమైన పేరును ఇప్పుడు క్రీడా సమాఖ్య ఆమోదంతో నడిచే రగ్బీ జట్టు ధరించింది. ఆటగాడు చేసే పనిలో తేడా లేదు. గుర్తింపు ముద్ర ఎవరి చేతిలో ఉన్నదన్నదే తేడా.

6. కబడ్డీ వేలం: ధర, విలువ

ప్రో కబడ్డీ లీగ్ 2014లో ఆరంభమైంది. ఆ ఏడాది వేలంలో అత్యధికంగా రాకేశ్ కుమార్‌కు పట్నా పైరేట్స్ చెల్లించినది 12.80 లక్షల రూపాయలు. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు ఇచ్చినది 2.605 కోట్లు. అంటే తొమ్మిదేళ్లలో గరిష్ఠ మొత్తం సుమారు ఇరవై రెట్లయింది. ఈ పెరుగుదలను తక్కువచేసి చూడటం అన్యాయం. రైల్వే, పోలీసు ఉద్యోగాల క్రీడా కోటాయే గమ్యంగా ఉన్న ఆటకు వేలం స్వతంత్ర జీవనాధారం కల్పించింది. పైగా వేలం బహిరంగం. ఎవరికి ఎంత అన్నది అందరికీ తెలుస్తుంది. మూసిన తలుపుల వెనక కుదిరే ఒప్పందాల్లో ఈ పారదర్శకత ఉండదు. వేలాన్ని సమర్థించేవారి వాదనలో బలం ఇదే.

అయితే పారదర్శకంగా కనిపించేది ధర మాత్రమే. ఒప్పందంలోని మిగతా షరతులు, అంటే గాయపడితే ఏమిటి, ప్రవర్తనా నియమాలేమిటి, రద్దుకు ముందు నోటీసు ఉందా, అప్పీలు ఎవరికి అన్నవి తెర వెనకే ఉంటాయి. వేలంలో ఆటగాడు ఏ జట్టుకు వెళ్లాలో ఎంచుకోలేడు. అత్యధిక పాటకు సమానంగా చెల్లించి పాత జట్టు అతణ్ణి నిలుపుకొనే 'ఫైనల్ బిడ్ మ్యాచ్' పద్ధతిలోనూ నిర్ణయం జట్టుదే. తెలుగు టైటాన్స్ 2024లో సెహ్రావత్‌ను ఆ పద్ధతిలో 1.725 కోట్లకు నిలుపుకొంది. 2025 వేలంలో తలైవాస్ ఆయనకు చెల్లించినది 59.5 లక్షలు. రెండేళ్ల కిందటి మొత్తంలో నాలుగో వంతు కూడా కాదు. 2022లో ఇదే తలైవాస్ ఆయనను 2.26 కోట్లకు తీసుకోగా, తొలి పోటీలోనే మోకాలి గాయంతో ఆ సీజన్ మొత్తం దూరమయ్యారు.

ఈ అంకెలను తెలుగు వార్త చెప్పే తీరు చూడాలి. మొత్తం పెరిగితే ఆటగాడు 'రికార్డు ధర పలికాడు'. తగ్గితే 'ధర పడిపోయింది'. ఎవరూ తీసుకోకపోతే 'అమ్ముడుపోలేదు'. ఇవన్నీ మార్కెట్ యార్డు మాటలు. ఖమ్మం మార్కెట్లో మిరప ధర పలుకుతుంది, పడిపోతుంది. కానీ అక్కడ ధర మిరపది, బాధ రైతుది. ఇద్దరినీ భాష విడదీస్తుంది. క్రీడావార్తలో ఆటగాడు సరుకూ తానే, రైతూ తానే. ధర పడిపోయిన మిరపను చూసి సానుభూతి కలిగినట్లు ధర పడిపోయిన ఆటగాణ్ణి చూసి కలగదు. అతడు ఏదో తప్పు చేసి ఉంటాడన్న అనుమానమే కలుగుతుంది. తరవాత రాబోయే 'వేటు'కు ఇది రంగం సిద్ధం చేస్తుంది.

జట్టుకు క్రమశిక్షణ అక్కరలేదని ఈ వాదన సారాంశం కాదు. ఏడుగురు చేయి చేయి పట్టుకుని గొలుసు కట్టే ఆటలో ఒకని నిర్లక్ష్యం ఆరుగురి శ్రమను వృథా చేస్తుంది. అందుకే మైదానంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డుల వరుస ఉంది: ఆకుపచ్చ హెచ్చరిక, పసుపు రెండు నిమిషాల బహిష్కరణ, ఎరుపు ఆ పోటీ నుంచి తొలగింపు. తప్పుకు తగిన శిక్ష, శిక్షకు ముందు హెచ్చరిక, అందరి కళ్లముందు నిర్ణయం అన్న మూడు సూత్రాలూ అందులో ఉన్నాయి. మైదానం గీత దాటి బయటికి రాగానే ఆ మూడూ ఎందుకు కనిపించకుండా పోవాలన్నదే ప్రశ్న.

7. వెండితెరపై ఒప్పందం: 'సై', 'జెర్సీ'

తెలుగులో రగ్బీని కథావస్తువుగా తీసుకున్న సుప్రసిద్ధ రచన ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2004లో వచ్చిన 'సై'. కళాశాల స్థలాన్ని తనదంటూ వచ్చిన భిక్షు యాదవ్ అనే బలవంతునికీ విద్యార్థులకూ మధ్య తగాదా రగ్బీ పోటీతో తేల్చుకోవాలన్న పందెంగా మారుతుంది. అంతవరకు ఈగిల్స్, క్లాస్ అనే రెండు ముఠాలుగా కొట్లాడుకున్న విద్యార్థులు ఒకే జట్టవుతారు. చిత్రం పేరే ఇక్కడ కీలకం. 'సై' అన్నది సవాలుకు సమ్మతి. 'సై అంటే సై' అన్న నుడికారంలో రెండు నోళ్లున్నాయి. వేలంపాటలో ఒకే పక్షం పాడుతుంది. 'సై'లో ఇరుపక్షాలూ పలకాలి. బలవంతుడు కూడా బలహీనుని నోటి మాటతో కట్టుబడటం ఆ కథలోని ఒప్పంద స్వరూపం.

ఈ చిత్రంలో క్రమశిక్షణ కూడా శిక్షణార్థంలోనే పనిచేస్తుంది. రెండు ముఠాలను ఒక జట్టుగా మలచడమే శిక్షకుని పని; దండన దానికి లోబడినదే. అయితే విమర్శకు తావున్న చోటు కూడా ఇక్కడే ఉంది. స్థలంపై హక్కు అనేది కోర్టులో తేలవలసిన పత్రాల వ్యవహారం. కథ దానిని మైదానానికి తరలించి, న్యాయవ్యవస్థ విఫలమైన చోట ఆటను న్యాయస్థానం చేసింది. అలా చేయడం వల్ల ఆటగాళ్లు శ్రామికులన్న కోణం పూర్తిగా మరుగున పడింది. వారు జీతం అడగరు; ఎవరికీ ఉద్యోగులు కారు. తెలుగు ప్రజాదరణ కథనానికి ఆటగాడంటే యోధుడే. యోధునికి ఒప్పందం ఉండదు, ప్రతిజ్ఞ ఉంటుంది. 'ఒక్కడు' (2003)లోని కబడ్డీ ఆటగాడు కూడా ఈ యోధపరంపరలోని వాడే.

ఈ పరంపరను కొంత సడలించిన చిత్రం గౌతమ్ తిన్ననూరి 'జెర్సీ' (2019). అందులో నాయకుడు ఆట మానేసిన క్రికెటర్. ప్రభుత్వోద్యోగం నుంచి సస్పెండైన వ్యక్తి. కొడుకు అడిగిన జెర్సీకి ఐదువందల రూపాయలు సమకూర్చలేని స్థితి కథకు చోదకశక్తి. ఉద్యోగంలో పడిన సస్పెన్షన్, ఆటలోకి పునరాగమనం ఒకే జీవితంలో ఎదురుపడటం ఈ చిత్రం ప్రత్యేకత. అయినా ఆ సస్పెన్షన్‌పై పోరాటం కథలో ప్రధానం కాలేదు. నాయకుడు తన విలువను మైదానంలోనే నిరూపించుకోవాలి. ఆటగాని జీవనసమస్యకు పరిష్కారం ఒప్పందంలో, విచారణలో, సంఘంలో ఉండవచ్చునన్న ఊహ తెలుగు క్రీడాకథనంలోకి ఇంకా రాలేదు. వార్తాభాషలోని లోటుకు కథాభాషలోని లోటు తోడైంది.

8. సంజీవని సూత్రం

సంప్రదాయ కబడ్డీలో సంజీవని, గామిని, అమర అని మూడు పద్ధతులు ప్రసిద్ధం. గామినిలో ఔటైన ఆటగాడు ఆ విడత ముగిసేదాకా బయటే ఉంటాడు. అమరలో ఔటైనా లోపలే ఉండి ఆడతాడు. సంజీవనిలో ఔటైనవాడు బయటికి వెళ్తాడు. ఎదుటి జట్టులో ఒకరు ఔటైతే తిరిగి వస్తాడు. నేటి పోటీ కబడ్డీకి ఆధారం సంజీవని. పల్లెల్లో చెడుగుడు ఆడే పిల్లలు ఔటైనవాణ్ణి 'చచ్చాడు' అంటారు, తిరిగి వచ్చినవాణ్ణి 'బతికాడు' అంటారు. చావు ఆ ఆటలో తాత్కాలికం.

ఆట తన లోపల ఏర్పరచుకున్న ఈ న్యాయం దాని నిర్వహణలో లేదు. వివరణ లేని క్రమశిక్షణ నిర్ణయం గామిని పద్ధతి: సీజన్ ముగిసేదాకా బయటే. ఎందుకన్నది తెలియదు కనుక తిరిగి వచ్చే దారి ఏదో కూడా తెలియదు. పేరున్న ఆటగాడు వీడియో ద్వారానైనా తన మాట చెప్పుకోగలడు. పాల్వంచ సమీపంలోని కిన్నెరసాని గిరిజన క్రీడాపాఠశాల వంటి చోట నేర్చుకుని, ఏజెన్సీ గూడెం నుంచి మొదటిసారి వృత్తిక్రీడలోకి అడుగుపెట్టబోయే యువకునికి లక్షలాది అనుచరులు లేరు. అతని ముందున్న ఒప్పంద పత్రం ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పేవారు లేరు. అతనిపై 'వేటు' పడితే అది వార్త కూడా కాదు. పరిభాష అనేది పండితుల వినోదం కాదనడానికి ఈ ఊహాచిత్రం చాలు. తన హక్కుకు తన భాషలో మాట లేనివాడు ఆ హక్కును అడగలేడు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

అ) తెలుగులో శ్రమ ఒప్పందాలకు 'మాట్లాడుకోవడం', 'కుదుర్చుకోవడం' వంటి ద్విపక్ష పదజాలం పూర్వం నుంచీ ఉంది. తునికాకు వ్యవహారంలో వేలం ఆకుకు, ఒప్పందం మనిషికి అన్న విభజన దీనికి నిదర్శనం. క్రీడావార్త ఈ విభజనను చెరిపేసింది.

ఆ) 'క్రమశిక్షణ'లోని బోధన, దండన అన్న రెండర్థాల కలయిక కారణం చెప్పని నిర్ణయాలకు నైతిక కవచంగా ఉపయోగపడుతోంది. రగ్బీ చరిత్రలోనూ ఐ.సి.ఎల్. ఉదంతంలోనూ జీతం అడగడం, యజమానిని ఎంచుకోవడం అన్న శ్రామిక చర్యలే క్రమశిక్షణ ఉల్లంఘనలుగా చలామణి అయ్యాయి.

ఇ) తెలుగు చలనచిత్రం ఆటగాణ్ణి యోధునిగా చూపి, శ్రామికునిగా చూపడంలో వెనకబడింది. 'సై' అన్న పదంలోని ఇరుపక్షాల సమ్మతి భావన మాత్రం ఈ చర్చకు పనికివచ్చే దేశీయ ఆధారం.

దీనికి తగిన మార్పు కష్టసాధ్యం కాదు. 'కొనుగోలు చేసింది' అన్నచోట 'ఒప్పందం చేసుకుంది', 'ధర' అన్నచోట 'పారితోషికం' లేదా 'జీతం', 'వేటు' అన్నచోట 'సస్పెన్షన్' లేదా 'ఒప్పందం రద్దు', 'క్షమాభిక్ష' అన్నచోట 'నిషేధం ఎత్తివేత' అని రాయవచ్చు. ఒక్కో మాట మార్పుతో ఒక్కో ప్రశ్న పుడుతుంది. ఒప్పందం అంటే షరతులేమిటన్న ప్రశ్న వస్తుంది. సస్పెన్షన్ అంటే ఎన్నాళ్లు, ఎందుకు, అప్పీలు ఎక్కడ అన్న ప్రశ్నలు వస్తాయి. వేటు అంటే ఏ ప్రశ్నా రాదు. జర్నలిజం, తెలుగు శాఖల్లో క్రీడాపరిభాషపై సాగే పరిశోధనలు ఆంగ్లపదాలకు సమానార్థకాలు వెతకడంతో ఆగక, ఉన్న తెలుగు మాటలు ఎవరి పక్షాన మాట్లాడుతున్నాయో పరిశీలించవలసి ఉంది.